దాహం కింద మూడో ఉదాహరణ

మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు చెవులు ఒక కార్డు మీద ప్రేమలేఖ రాసి ద మేడమ్ ట్రేలో వేశాడు. పన్నెండు గంటల పది నిమిషాలకు అది ఎర్ర సిరాతో తిరిగొచ్చింది.

లేఖలో ఉన్నవి రెండు వాక్యాలు: “నాకు దాహం లేదండీ. రోజుకు ఆరుసార్లు కూలర్ దగ్గరికి వస్తున్నది మీకోసం.”

ఎర్ర సిరాలో ఉన్నవి మూడు ప్రశ్నలు, ఒక చీవాటు: “అన్నవారు ఎవరు? ఎవరితో అన్నారు? ఎక్కడ, ఎప్పుడు? వివరాలు లేని కార్డు చెల్లదని ఇంకెన్నిసార్లు చెప్పాలి?” దాని కింద చిన్నక్షరాల్లో ఇంకో ముక్క: “ఉదాహరణ బావుంది. పూర్తిచేసి పంపితే దాహం కింద వేస్తాను.”

చెవులు కార్డును తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

అది నిఘంటువు ఆఫీసు. మూడో అంతస్తు, పదకొండు బల్లలు, ఒక కూలర్. లిఫ్టు ఉంది. దాని తలుపు మీద ‘మరమ్మతులో ఉంది’ అన్న బోర్డూ ఉంది. రెండింటిలో పనిచేస్తున్నది బోర్డే.

అక్కడ మనుషులను అక్షరాలతో పిలుస్తారు. ఎవరు ఏ అక్షరం చూస్తే వాళ్లకు అదే పేరు. క సార్ పదకొండేళ్లు క లోనే ఉండి అక్కడే రిటైరయ్యాడు. ద మేడమ్ నాలుగేళ్ల కిందట చేరినప్పుడు త మేడమ్. ప్రమోషన్ అంటే ఆ ఆఫీసులో అంతే.

చెవులుకు అక్షరం లేదు, వినడమే పని కాబట్టి ఆ పేరు. అతను బయట తిరిగి మాటలు ఏరుకొచ్చే మనిషి. బస్సుల్లో, క్షవరం కొట్లలో, టికెట్ క్యూల్లో నిలబడి జనం అన్న మాటను అన్నట్టు కార్డు మీదికి ఎక్కిస్తాడు. కార్డుకు ఒక మాట. కింద నాలుగు గళ్లు: అన్నవారు, ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు. ఆరు నెలల్లో నాలుగు వేల మూడు వందల పన్నెండు కార్డులు రాశాడు. వారానికి మూడు రోజులు బయట, రెండు రోజులు ఆఫీసు. ఈ వారం మాత్రం ఐదు రోజులూ ఆఫీసే, ఎందుకంటే ద సంపుటం శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ప్రెస్సుకు వెళ్లాలి.

ప్రేమలేఖను కార్డు మీదే ఎందుకు రాశాడంటే, అతను ఆరు నెలలుగా వేరే కాగితం ముట్టుకోలేదు. ద మేడమ్ దాన్ని ఉదాహరణ అని ఎందుకనుకుందంటే, ఆమె ట్రేలోకి రోజుకు నూటనలభై కార్డులు వస్తాయి. వాటిలో ‘నిన్ను చంపేస్తా’ అన్నవి కూడా ఉంటాయి. ఆమె పోలీసులకు ఫోన్ చెయ్యదు. చ బల్లకు పంపుతుంది.

కూలర్ ఆమె బల్ల పక్కన ఉంది. అంతకు ముందు రోజు, అంటే సోమవారం, చెవులు నాలుగోసారి గ్లాసు పట్టుకుని వెళ్లినప్పుడు ఆమె కార్డుల్లోంచి తలెత్తింది.

“మీరు షుగర్ టెస్ట్ చేయించుకున్నారా?”

“ఎందుకండీ?”

“పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. మా మేనమామకి ఇలాగే మొదలైంది.”

“నాకేం లేదండీ. ఎండగా ఉంది కదా, అందుకని.”

ఆమె కిటికీలోంచి చూసింది. బయట వాన కురుస్తోంది.

“అవును, మాడ్చేస్తోంది,” అంది.

అతను మాట మార్చాడు. “ఇవాళ ఏ మాట చూస్తున్నారు?”

“మీదే. దాహం. అర్థం రాయడం గంట పని. పుట్టుక దగ్గరే తల తిరుగుతోంది.”

“నీళ్ల నుంచి పుట్టి ఉంటుంది.”

“నీళ్లకీ దానికీ సంబంధమే లేదు. సంస్కృతంలో దాహమంటే కాలడం. దహనం, దహించడం, అంతా ఆ కుటుంబమే. మనం ఆ నిప్పును తెచ్చుకుని గొంతులో పెట్టుకున్నాం.”

“మరి వాళ్లకి గొంతెండితే ఏమనేవాళ్లు?”

“తృష్ణ. దాని వేరుకి అర్థం ఎండిపోవడం. ఇంగ్లీషు థర్స్ట్ కూడా ఆ వేరుదే. టోస్ట్ కూడా.”

“బ్రెడ్ టోస్టా?”

“బ్రెడ్ టోస్టే. ఎండబెట్టిందేగా? దూరపు చుట్టాలు.”

“దప్పిక?”

“అది మన ఇంటి పిల్ల. పాత నిఘంటువుల్లో డప్పి అని కూడా ఉంది. డస్సిపోవడానికి దగ్గరిదేమోనని నా అనుమానం. అనుమానమే. అచ్చులో వెయ్యను.”

చెవులు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. “అంటే ఒకళ్లు కాలిపోయారు, ఒకళ్లు ఎండిపోయారు, మనవాళ్లు డస్సిపోయారు. ఇంతమందిలో ఒక్కరికీ నీళ్లు గుర్తురాలేదు.”

“నీళ్లు ఎదురుగా ఉన్నవాడికి మాటతో పనేంటి? తాగుతాడు.”

ఆమె నవ్వలేదు. కానీ తర్వాతి కార్డును తలకిందులుగా పట్టుకుని ఒక నిమిషం చదివింది. నిమిషమని చెవులు గోడ గడియారంలో చూశాడు. మర్నాడు రాసిన కార్డుకు ఆ నిమిషమే పెట్టుబడి.

ఇప్పుడు ఆ కార్డు ఎర్ర సిరాతో బల్ల మీద ఉంది. నిజం రాయాలంటే ‘అన్నవారు’ గడిలో తన పేరు, ‘ఎవరితో’ గడిలో ఆమె పేరు రాయాలి. కలం రెండుసార్లు గడి దాకా వెళ్లి వెనక్కొచ్చింది. మూడోసారి ఇలా రాసింది. అన్నవారు: ఒక ప్లంబరు. ఎవరితో: క్యాషియరుతో. ఎక్కడ: సూపర్‌మార్కెట్లో. ఎప్పుడు: ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు. సూపర్‌మార్కెట్లోనూ కూలర్ ఉంటుంది కాబట్టి అతికింది.

బుధవారం పదిన్నరకు ద మేడమ్ అతని బల్ల దగ్గరికి వచ్చింది. ఆరు నెలల్లో అదే మొదటిసారి. చెవులు లేచి నిలబడ్డాడు.

“ఈ ప్లంబరు ఫోన్ నంబరు కావాలి.”

“ఎందుకండీ?”

“దాహం కింద మూడు ఉదాహరణలు ఉండాలి. రెండు కుదిరాయి. మూడోది ఇదే వేస్తున్నా. అచ్చుకెళ్లే మాటని అన్న మనిషినే అడిగి రూఢి చేసుకోవాలి కదా.”

“ఇంకో కార్డు వెయ్యకూడదా? దాహం మీద నావే అరవై ఉన్నాయి.”

“ఉన్నాయి. ‘దాహమేస్తోంది, నీళ్లియ్యండి.’ అరవై మందీ అదే అన్నారు. దాహం లేదన్నవాడు ఇతనొక్కడే.” ఆమె కార్డు చూసింది. “లేకపోయినా వస్తున్నాడు. రోజుకి ఆరుసార్లు. ఇంతకీ ఆ అమ్మాయి ఏమంది?”

“ఎవరండీ?”

“క్యాషియరు.”

“అదీ... ఈలోగా నా బస్సు వచ్చేసింది.”

“సూపర్‌మార్కెట్ లోపలికా?”

చెవులు బల్ల మీది కార్డులు సర్దాడు. మర్నాటికి నంబరు ఇస్తానన్నాడు.

ఆ ఆఫీసును నడిపే పెద్దావిడ గోడకు ఒక కాగితం అంటించింది. దాని మీద ఉన్నది ఒకే నియమం. ఒక్క కార్డు అబద్ధమని తేలినా, అది రాసినవారి కార్డులన్నీ చించెయ్యాలి. ద సంపుటంలో చెవులు కార్డులు ఆరువందల పదకొండు ఉన్నాయి. అవి పోతే సంపుటం ఆగుతుంది. ద మేడమ్ పెట్టిన కష్టం ఆగుతుంది. అతని ఉద్యోగం ఆగదు, పోతుంది. పోనీ నోరు మూసుకుంటే ఆమె లేని ప్లంబరును అచ్చు వేస్తుంది, లేని క్యాషియరు గురించి అడుగుతూనే ఉంటుంది, తను రిటైరయ్యేదాకా నీళ్లు తాగుతూనే ఉండాలి.

ప్లంబరు అన్న మాట అతని కలానికి ఊరికే తగల్లేదు. అతను ఉంటున్నది బాబాయి ఇంటి మేడ మీది గదిలో. బాబాయి ప్లంబరు. ఆఫీసు వదలగానే వెళ్లేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఒక పాత కుళాయి విప్పుతున్నాడు. అంతా విన్నాడు.

“ఒరే, ప్రేమించింది నువ్వు. అన్నది నేనా?”

“ఫోన్లో ‘అవునమ్మా, నేనే అన్నాను’ అంటే చాలు బాబాయ్. ఐదు సెకన్లు.”

“ఇరవయ్యేడేళ్లలో మీ పిన్నితో అలాంటి ముక్క ఒక్కటి అనలేదురా. ఎవరో క్యాషియరుతో అన్నానంటే నమ్ముతారా?”

“ఆమె నిన్ను చూళ్లేదుగా.”

“ఆ పిల్లకే చెప్పెయ్యొచ్చుగా. ఆడపిల్లేగా, పులి కాదుగా.”

“పులైతే పరిగెత్తేవాణ్ణి. ఇక్కడ అదీ కుదరట్లేదు.”

“అందుకే అంటారు, అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని.”

“తొక్కేశాను బాబాయ్. కడుగుతావనే వచ్చా. నువ్వు ప్లంబరువేగా.”

బాబాయి కుళాయి కింద పెట్టి, సరే, తన నంబరు ఆమెకు ఇచ్చెయ్యమన్నాడు.

గురువారం సాయంత్రం నాలుగు గంటల ఐదు నిమిషాలకు ద మేడమ్ ఫోన్ చేసింది. రూఢి చేసే ఫోన్ స్పీకర్లో పెట్టాలి, పక్కన ఒక సాక్షి ఉండాలి. సాక్షి కూలర్ దగ్గర సిద్ధంగానే ఉన్నాడు.

ఆమె ఆఫీసు పేరు చెప్పి, కార్డు చదివింది.

“అవునమ్మా, నేనే అన్నాను,” అన్నాడు బాబాయి, బడిలో పద్యం ఒప్పగించినట్టు.

అక్కడితో పెట్టేసి ఉంటే సరిపోయేది.

“ఎవరితో అన్నారండీ?”

“క్యాషియరుతో. సూపర్‌మార్కెట్లో.”

“నిజంగా రోజుకి ఆరుసార్లు వెళ్తారా?”

“ఆ... పని లేనప్పుడు.”

ఫోన్లో గిన్నె కింద పడిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆడగొంతు: “ఏ క్యాషియరు?”

“ఎవరండీ ఆవిడ?” అంది ద మేడమ్.

“మా ఆవిడమ్మా. పెట్టేస్తున్నా.”

ద మేడమ్ కార్డు మీద ‘రూఢి’ ముద్ర వేసింది. ముద్ర మీంచి చెయ్యి వెంటనే తియ్యలేదు.

“పెళ్లయినవాడు,” అంది. “వాడి కాపురంతో నిఘంటువుకి పని లేదనుకోండి. కానీ పెళ్లయినవాడికి కూడా చెప్పడానికి నోరొచ్చింది, చూడండి.”

చెవులు గ్లాసు నింపుకున్నాడు. గ్లాసు నిండింది. కుళాయి కట్టడం మరిచిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో విచారణ జరిగింది. బాబాయి నిజం చెప్పాడు. పిన్ని నమ్మలేదు. “పిల్లాడి పేరు చెప్పి తప్పించుకుంటావా?” అంది. చెవులూ నిజం చెప్పాడు. “నువ్వు ఆయన్ని వెనకేసుకురాక ఏం చేస్తావులే,” అంది. కాగితం కళ్లతో చూసేదాకా ఇద్దరితోనూ మాట్లాడనంది.

శుక్రవారం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు పిన్ని నిఘంటువు ఆఫీసు తలుపు తోసింది. వాన తెల్లవారుజాము నుంచీ ఆగలేదు. గొడుగు బస్టాపులోనే తిరగబడింది. లిఫ్టు బోర్డు చదివి మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చింది. ఆమె బట్టల్లోంచి నీళ్లు నేల మీదికి కారుతున్నాయి.

“ఇక్కడ నా మొగుడికి ఫోన్ చేసింది ఎవరమ్మా?” అని మొదలుపెట్టి, బల్ల పట్టుకుని ఆగింది. “ఉండండి. ముందు కాసిని మంచినీళ్లు పొయ్యండి తల్లీ. నాలుక పిడచకట్టుకుపోయింది. ఒళ్లంతా నీళ్లే, దాహంతో ప్రాణం పోతోంది.”

ద మేడమ్ నీళ్లు ఇచ్చింది. పిన్ని రెండు గ్లాసులు తాగి మూడోది చేత్తో పట్టుకుంది.

“ఇప్పుడు చెప్పండి. నా మొగుడు ఏ క్యాషియరుతో ఏం కూశాడో మీ దగ్గర కాగితం మీద ఉందట. చూపించండి.”

“బయటివాళ్లకి చూపించకూడదండీ.”

“నేను బయటిదాన్నా? ఇరవయ్యేడేళ్లుగా ఆ మనిషికి అన్నం పెడుతున్నా.” అప్పుడు ఆమె చూపు కూలర్ మీద పడింది. “ఒరేయ్, దాని వెనక నక్కితే కనపడవనుకున్నావా? ఇవతలికి రా.”

చెవులు ఇవతలికి వచ్చాడు. ద మేడమ్ ఇద్దరినీ చూసింది.

“ఈవిడ మీకు తెలుసా?”

“మా పిన్నండీ.”

“అయితే ఆ ప్లంబరు?”

“బాబాయి.”

“క్యాషియరు?”

మిగతా బల్లల మీద కలాలు ఆగాయి. లోపలి గదిలో ఆఖరి పేజీల మీద సంతకాలు పెడుతున్న పెద్దావిడ కలానికి మూత పెట్టి గుమ్మంలోకి వచ్చింది.

“క్యాషియరు లేదండీ,” అన్నాడు చెవులు.

“లేదా?” అంది పిన్ని.

“లేదా?” అంది ద మేడమ్.

పిన్ని కూర్చుంది. ద మేడమ్ లేచింది.

“అంటే దొంగ కార్డు,” అంది పెద్దావిడ. “ఆరువందల పదకొండూ చించాలి. ఒంటిగంటకి ప్రెస్సు వ్యాన్ వస్తుంది. అబ్బాయ్, నీకు ఆడుకోవడానికి ఇంకే అక్షరమూ దొరకలేదా?”

“వాక్యం దొంగది కాదండీ. కింది గళ్లు దొంగవి.”

“వాక్యం ఎవరిది?”

“నాది.”

“ఎవరితో అన్నావు?”

“అనలేదండీ. రాసి ట్రేలో వేశాను.”

“ఎవరి ట్రేలో?”

చెవులు చూపించనక్కర్లేకపోయింది. అందరూ ఆ ట్రే వైపే చూస్తున్నారు.

పెద్దావిడ గోడ మీది కాగితం చూసింది. అది రాసింది ఆమే. “అచ్చుకి వెళ్లేలోగా రాసినవాడే దిద్దుకుంటే అది పొరపాటు. వెళ్లాక తేలితే అబద్ధం. ఇంకా వెళ్లలేదు. కాని నోటితో అనని మాటకి ఇక్కడ కార్డు లేదు. ఎవరితో అనాలో వాళ్లతో అను. టైము నేను రాస్తా.”

“ఇక్కడా? ఇంతమందిలోనా?”

“సూపర్‌మార్కెట్లో అనగలవు, ఇక్కడ అనలేవా?”

“అనరా,” అంది పిన్ని. “మీ బాబాయి నీ మూలంగా రాత్రి అన్నం కూడా తిన్లేదు.”

చెవులు నోరు తెరిచాడు. పిన్ని తన చేతిలోని గ్లాసు అతని ముందుకు చాపింది.

“నాకు దాహం లేదు,” అన్నాడు.

“సగం అయింది,” అంది పెద్దావిడ.

అతను గ్లాసును దాటుకుని ద మేడమ్ బల్ల ముందుకు వెళ్లాడు. “రోజుకు ఆరుసార్లు కూలర్ దగ్గరికి వస్తున్నది మీకోసం.”

“పదకొండు గంటల ముప్పై నాలుగు నిమిషాలు,” అంది పెద్దావిడ, రాసుకుంటూ.

ద మేడమ్ ముద్ర వేసిన కార్డును చేతిలోకి తీసుకుంది.

“బుధవారం నుంచి ఆ క్యాషియరంటే నాకు ఒళ్లుమంట,” అంది. “ఎవరో ఒకడు ఆమెకోసం వచ్చాడు, వచ్చి ఆ ముక్క చెప్పాడు. నా పక్కన ఆరు నెలల్నుంచి ఒకాయన నీళ్లు తాగుతున్నాడు. తాగుతాడు, గ్లాసు కడుగుతాడు, వెళ్లిపోతాడు.”

“మీరేమో షుగర్ టెస్ట్ అన్నారు.”

“మీరేమో ఎండగా ఉందన్నారు! జోరున వాన పడుతుంటే!”

“దెబ్బలాడుకోవడానికి ముందు ముందు బోలెడు టైముంది,” అంది పెద్దావిడ. “అమ్మాయ్, గళ్లు దిద్దించి ఈ కార్డు వేస్తున్నావా, లేదా?”

“వెయ్యను.”

చెవులు ముఖం చూసి పిన్ని గ్లాసు కింద పెట్టింది. “ఏం తల్లీ, మావాడికేం తక్కువ?”

“తక్కువని కాదండీ. నాతో అన్న మాట ఇది. అచ్చు వేసి ఊరందరికీ ఎందుకు పంచుతాను?”

ఆమె కార్డును మడిచి తన సంచిలో పెట్టుకుంది. ఆ ఆఫీసులోంచి కార్డు బయటికి పోవడం అదే మొదటిసారి. పెద్దావిడ ఆ సమయంలో కిటికీలోంచి వాన చూస్తోంది.

“మరి మూడో ఉదాహరణ?” అంది ప మేడమ్, అవతలి బల్ల నుంచి. “గంటన్నర కూడా లేదు.”

పెద్దావిడ పిన్ని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె చేతిలో ఇంకో కార్డు ఉంది.

“మీరు లోపలికి రాగానే ఒక మాట అన్నారు. నేను లోపల్నుంచి విని అప్పుడే రాసుకున్నా. అలవాటు. ఒళ్లంతా నీళ్లే, దాహంతో ప్రాణం పోతోంది అన్నారా లేదా?”

“అన్నాను. తప్పా?”

“తప్పేం కాదు. వానలో తడిసి వచ్చి దాహమన్నవాళ్లు మా దగ్గర ఇప్పటిదాకా లేరు. వేసుకోమంటారా?”

“నా పేరుతోనా?”

“ప్లంబరు భార్య అని.”

పిన్ని కొంగు పిండుకుంది. “ఆయన పేరెత్తకుండా వెయ్యండి. ఇవాళ్టికి,” అంది.

పన్నెండు గంటల ఇరవై నిమిషాలకు ద మేడమ్ ఆ మాట చేర్చి పేజీ మూసింది. ఒంటిగంటకు వ్యాన్ వచ్చింది. ద సంపుటం తొమ్మిది వందల నాలుగు పేజీలూ వెళ్లాయి. చెవులు కార్డుల్లో ఒక్కటి తప్ప మిగతా ఆరువందల పదీ అందులో ఉన్నాయి.

ఆదివారం ఉదయం పది గంటలకు పిన్ని, బాబాయి, చెవులు ద మేడమ్ ఇంటికి వెళ్లారు. ఆమె అతన్ని అప్పటికే ‘నువ్వు’ అంటోంది. అతను ఇంకా ‘మీరు’ దగ్గరే ఉన్నాడు. ఆమె తండ్రి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“అబ్బాయి చేసే పనేంటండీ?”

“వింటాడు,” అన్నాడు బాబాయి.

“వినడమా?”

“పొద్దస్తమానం అదే పనండీ. ఎవరేం మాట్లాడినా వింటాడు. దానికే జీతం ఇస్తారు.”

ఆమె తల్లి వంటింటి గుమ్మంలోంచి భర్తను చూసింది. “ఇంకేం అడక్కండి,” అంది. “అలాంటివాడు మళ్లీ దొరకడు.”

పదిన్నరకు వంటింట్లో సింకు కింద కారుతోందన్న సంగతి బయటపడింది. బాబాయి చొక్కా చేతులు పైకి మడిచాడు. చెవులు టార్చి పట్టుకున్నాడు. పన్నెండింటికి కారడం ఆగింది. పన్నెండు గంటల యాభై నిమిషాలకు ఆరుగురూ భోజనానికి కూర్చున్నారు. ద మేడమ్ అతని పక్కన కూర్చుంది.